పుట్టుమచ్చకు స్థానచలనం

మొన్న సోమవారం ఉదయం మా అత్తగారు కాలం చేశారు. కాఫీ చల్లారిపోయిందని నన్ను కసిరి, ఆ చల్లారిందే తాగి, అలా వెనక్కి వాలిపోయారు. గుండె ఆగిందన్నారు డాక్టరు. రొమ్ము క్యాన్సరుకు మాత్రం ఆ ఘనత దక్కనివ్వలేదావిడ.

కొన్నేళ్ళ క్రితం ఆవిడకు ఎడమ రొమ్ము తీసేశారు. ఆ ఖాళీలో పాత చీరముక్క మడిచి పెట్టుకుని తిరిగేవారు. ఒకసారి రాజోలులో పేరంటానికి వెళ్ళి, శనగలు అందుకోవడానికి కొంగు పట్టేసరికి ఆ మడత కాస్తా జారి శనగల్లో పడింది. అందరితోపాటు తానూ నవ్వి, ఇంటికొచ్చి తలుపేసుకున్నారు. ఇక ఏ పేరంటానికీ వెళ్ళలేదు. పదిమందిలో కూర్చోకపోతే అన్నం సయించని మనిషి! చూడలేకపోయేదాన్ని.

పొట్ట దగ్గరి చర్మం, కొవ్వు తీసి కొత్త రొమ్ము కట్టవచ్చని కాకినాడ డాక్టరమ్మ చెప్పారు. మా ఆయన అడ్డుపడ్డారు.

"ఈ వయసులో అదంతా ఎందుకమ్మా? ఎవరు చూస్తారు?"

"నిరుడు నాకు పళ్ళు కట్టించేవు. అప్పుడడగలేదేంరా, ఈ వయసులో ఎందుకని?"

మామగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అత్తగారు డాక్టరమ్మతో, "ఆయ్, ఎంత కావాలంటే అంత తీసుకోండమ్మా. పెళ్ళైన దగ్గర్నుంచీ పూతరేకులు తిని పెంచేను" అన్నారు.

కట్టు విప్పాక చూస్తే అచ్చం పాతదానిలా ఏమీ లేదు. కుడిదానికంటే కాస్త పైన కూర్చుంది. చుట్టూ కుట్టుగీత, తాకితే తిమ్మిరి. పైగా బొడ్డు కింది పుట్టుమచ్చ కూడా ఆ చర్మంతోపాటు పైకొచ్చేసింది! అద్దంలో చూసుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. కాస్త కోలుకోగానే సిద్ధాంతిగారి అరుగెక్కారు, తోడు నేను.

"పొట్ట మీద మచ్చకి ఫలం ఏంటండీ?"

"భోజనప్రియులమ్మా."

"మరది గుండెల మీదకెక్కితేనండీ?"

"పుట్టుమచ్చ ఎక్కడమేంటమ్మా?"

"ఎక్కించేరండీ, కాకినాడలో."

ఆయన పంచాంగం తిరగేసి, కళ్ళజోడు తుడుచుకుని, చివరికి తేల్చారు. "స్థానచలనమండి. శుభమే."

ఆ శ్రావణమాసం ఆవిడ ఒక్క పేరంటమూ వదల్లేదు. తినీ తినీ ఒళ్ళు చేస్తే కొత్తదీ బరువెక్కేది, పొట్టలోంచి వచ్చిందేగా మరి. "ఎడంపక్కది తిండిపోతే అమ్మాయ్, ఎక్కడ కూర్చోబెట్టినా దాని బుద్ధి మారలేదు" అనేవారు.

సోమవారం ఆడవాళ్ళందరం ఆవిడకు ఆఖరి స్నానం చేయిస్తున్నాం. కపిలేశ్వరపురం నుంచి ఏడుస్తూ వచ్చిన ఆవిడ చెల్లెలి చెయ్యి ఒక్కసారి ఆగిపోయింది.

"అమ్మాయ్, ఇదిక్కడికెప్పుడొచ్చింది? చిన్నప్పుడు గోదాట్లో స్నానాలకెళ్తే, బొడ్డు కింద చీమ ఉందని అక్కని ఏడిపించేదాన్ని!"

"స్థానచలనమండి" అన్నాను.

సంగతి తెలిసిన వాళ్ళు ముందు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. నాకు మాత్రం దుఃఖం పొంగుకొచ్చింది. చిన్నత్తగారు ముక్కు చీదుకుని, చేతులు కడుక్కుని, కాస్త పసుపు తీసుకుని ముందుగా ఆ చీమకే రాశారు.