పుట్టిలో పుట్టింటికి

ఇప్పటి పిల్లలు సెలవుల్లో విమానమెక్కి ఏదో దీవికి వెళ్ళొచ్చి, ఇసుకలో దిగిన ఫోటోలు నాకు ఫోన్లో చూపిస్తుంటే "అబ్బో, భలే ఉందే" అంటాను గానీ లోపల నవ్వొస్తుంది. దీవికి మేమూ వెళ్ళాం. ఎనభైల మొదట్లో, నాకు పదకొండేళ్ళప్పుడు, మా అమ్మతో. ఆ కాలంలో మాచర్ల పిల్లలకి సెలవులంటే ఒకటే అర్థం, అమ్మమ్మగారిల్లు. దసరా సెలవులిచ్చిన మర్నాటికల్లా మా వీధి సగం ఖాళీ అయ్యేది. ఒకడు కారంపూడి, ఒకడు గురజాల, మరొకడు బెల్లంకొండ. నేను మాత్రం నాయనమ్మ పక్కన అరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఎర్రబస్సుల్ని చూస్తూ ఉండేవాణ్ణి. ఎందుకంటే మా అమ్మమ్మగారి ఊరు సాగరు నీళ్ళ అడుగున ఉంది.

ఇది గొప్పకి చెప్పడం లేదు, నిజంగానే అడుగున ఉంది. కృష్ణ ఒడ్డున, కొండల మధ్య ఉండేదట ఆ ఊరు. డ్యాము కట్టారు, నీళ్ళొచ్చాయి, ఊరు మునిగింది. ఇంకోచోట ఇచ్చిన ఇళ్ళలో మా అమ్మమ్మా తాతయ్యా ఎంతోకాలం బతకలేదు. ఉన్న ఒక్క మేనమామ కృష్ణ దాటి బొగ్గు గనుల్లో పనికి కుదిరి, ఏడాదికో ఉత్తరం ముక్క రాసేవాడు. నేను పుట్టకముందే అయిపోయిన సంగతులివన్నీ. దీనివల్ల మా అమ్మకి జరిగిన అసలు నష్టం ఏమిటో నాకు పెళ్ళయ్యాక గాని తెలియలేదు. మా వీధిలో ఏ ఇంట్లో తగాదా వచ్చినా ఆడవాళ్ళు చివర్లో ప్రయోగించే బ్రహ్మాస్త్రం "నేను మా పుట్టింటికి పోతన్నా" అన్న మాట. మా అమ్మకి ఆ అస్త్రం లేదు. ఆ మాట నోటిదాకా వచ్చినా దిగమింగుకోవాలి. అందుకే కాబోలు, దేనికీ బెదరకుండా ఉండటానికి ఇంకో మాట అలవాటు చేసుకుంది. నేను చెట్టు మీంచి పడినా, లెక్కల్లో సున్నా తెచ్చుకున్నా, రాళ్ళలోడు తోలే మా నాన్న లారీ టైరు పేలి మూడు రోజులు రాకపోయినా, అదే మాట: "ఇప్పుడేమంత పుట్టి మునిగిందని?" (పుట్టి అంటే ధాన్యం కొలత అని మా మాస్టారు చెప్పారు. అంత ధాన్యం ఎందులో మునుగుతుందో నాకు ఎన్నాళ్ళకీ బోధపడలేదు.)

ఆ దసరాకి మా చిన్నమ్మ, అంటే నాన్న తమ్ముడి భార్య, కొత్త ట్రంకుపెట్టెతో కారంపూడిలోని పుట్టింటికి బయలుదేరింది. బస్సెక్కించి వచ్చిన నాయనమ్మ, రోట్లో పచ్చడి నూరుతున్న అమ్మని చూసి, ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు.

"పండగపూట కూడా నీకు రోలే గతి. మునిగినూరి దానికి పుట్టిల్లేడుందిలే, చేపల కాడ!"

అమ్మ పొత్రం ఆపింది. చెయ్యి కడుక్కుంది. "అత్తా, రేపు నేను కూడా మా పుట్టింటికి పోతన్నా. పిల్లోణ్ణి తీసకపోతన్నా" అంది.

నాయనమ్మ నోరు తెరిచింది. "ఈతొచ్చా నీకు?"

"ఊరు మునిగింది గానీ కొండ మునగలా. ఆ కొండ మీద మేకల్ని కాసినదాన్ని నేను. దాని కొస ఇంకా నీళ్ళ మీదనే ఉందంట. ఒంటిగుండు బండ పక్కన సీతాఫలం చెట్టుంది. పుట్టింటి నించి కాయలు తెచ్చి నీ చేతిలో పెడతా, చూడు."

అమ్మ ఎంత పెద్ద పందెం కాసిందో నాకప్పుడు తెలియదు. నా చెవికెక్కింది ఒక్కటే. సోషల్ పుస్తకంలో "నాలుగు వైపులా నీరు గల భూభాగమును ద్వీపము అందురు" అని వల్లె వేసినవాణ్ణి కదా, మా అమ్మమ్మగారిది ద్వీపమని ఒక్కసారిగా వెలిగింది! వీధిలో మిగిలిన నలుగురికీ సాయంత్రంలోగా చెప్పేశాను. రాత్రికి సామాను సర్దుకున్నాను. ఉండేలు, సంచీడు గులకరాళ్ళు, నాన్న లారీలోని టార్చి, తిరునాళ్ళలో కొన్న పీపీ, అగ్గిపెట్టె, టింక్చర్ సీసా. దీవి అన్నాక క్రూరమృగాలుంటాయి, అమ్మని నేనే కాపాడాలి కదా.

పొద్దున్నే బస్సు దిగి సాగరు గట్టు దగ్గరికి నడిచాం. జనమంతా లాంచీ వైపు పోతుంటే అమ్మ చేపలు పట్టేవాళ్ళ గుడిసెల వైపు తిరిగింది. అక్కడ వెదురుతో అల్లి, తారు పూసిన గుండ్రటి గంప ఒకటి నీళ్ళలో ఊగుతోంది. మా ఇంట్లో కోళ్ళని కమ్మే గంపకి అన్నలాగా ఉంది. దాని పక్కన తెడ్డు పట్టుకుని ఒక ముసలాయన.

"ఏడికమ్మా?" అన్నాడు.

"మా పుట్టింటికి బాబాయ్" అని అమ్మ ఊరి పేరు చెప్పింది.

ఆయన నవ్వలేదు. నీళ్ళ వంక ఒకసారి చూసి, "ఎక్కు తల్లీ. రోజూ మీ ఊరి మీద తిరిగేవాణ్ణి, నేనూ మీ ఊరోణ్ణే అనుకో" అన్నాడు.

నేను ఎక్కనన్నాను. "అమ్మా, ఈ గంప మునిగితే?"

"మునిగితే ఏమంత పుట్టి మునిగిద్దిరా!" అని, అలవాటు కొద్దీ అనేసింది అమ్మ.

ముసలాయన తెడ్డు కింద పెట్టేశాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతా. పుట్టి కాడ నిలబడి ఆ మాట అనమాక."

పుట్టి అంటే ఇదన్నమాట! పదకొండేళ్ళుగా రోజుకి పదిసార్లు మా ఇంట్లో మునిగి తేలుతున్నది ధాన్యం కాదు, ఈ గంప. అంత జ్ఞానోదయం అయ్యాక వెనక్కి పరిగెత్తబోయాను గాని, అమ్మ చంకలో ఎత్తి లోపల వేసింది.

పుట్టి తిన్నగా పోదు. గుండ్రంగా తిరుగుతూ, దయ కలిగినప్పుడు కాస్త ముందుకి జరుగుతుంది. కొండలు మన చుట్టూ నిదానంగా ప్రదక్షిణం చేస్తున్నట్టు ఉంటుంది. పొద్దుటి ఎండ నీళ్ళ మీద పల్చగా పరుచుకుంది. మునిగిన చెట్ల మోళ్ళ మీద నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. తెడ్డు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాకు తెలియకుండానే భయం పోయి, నిద్రా మెలకువా కాని హాయి ఒకటి కమ్మింది. (మొసళ్ళుంటాయా తాతా అని అడిగితే "ఉంటయ్, అటు పక్క" అన్నాడాయన. పుట్టి తిరుగుతూ ఉంటే అటు పక్క ఏదో ఎలా తెలుస్తుంది? చేతులు మాత్రం లోపలే పెట్టుకున్నాను.)

ఉన్నట్టుండి అమ్మ "ఆగు బాబాయ్" అంది. రెండు కొండల్నీ మార్చి మార్చి చూసి, మధ్యలో ఎక్కడో లెక్క కుదిరినట్టు తల ఊపింది. "ఈడే. కింద మా ఇల్లు." అంచు మీదికి వంగి, పక్కింటావిణ్ణి పిలిచినంత మామూలుగా, "అమ్మా, వచ్చానే" అంది. నేనూ వంగి చూశాను. ఆకుపచ్చటి నీళ్ళు, లోపలికి దిగుతున్న ఎండ చారలు, ఇంకా లోపల చీకటి. ఆ చీకట్లో ఒక వాకిలి, ఒక పొయ్యి, తల ఎత్తి మా పుట్టి అడుగుని చూస్తున్న ఒక ముసలమ్మ కనపడినట్టే అనిపించింది. అమ్మమ్మ ఫోటో అయినా చూసి ఎరగను, అయినా గుర్తుపట్టాను. ఇవాళ్టికీ కళ్ళు మూసుకుంటే ఆ మొహమే వస్తుంది.

మిట్ట మధ్యాహ్నానికి దీవి చేరాం. నేను ఉండేలు తీసి ముందుకి దూకాను. అమ్మ నాకన్నా ముందు దూకింది. చీర ఎగదోపి, చెప్పులు పుట్టిలో వదిలేసి, రాయి మీంచి రాయి మీదికి పరుగు. అంతకుముందు మా అమ్మ పరిగెత్తడం నేను చూడలేదు. పైకెక్కి, ఏదో మేకల అదిలింపు కాబోలు, "డ్రియ్యో!" అని కేకేసింది. చుట్టూ కొండలన్నీ తిరిగి పలికాయి. అక్కడ నిలబడింది మా అమ్మ కాదు, నాకు ఏమీ కాని పిల్ల ఎవరో. ఈవిడ ఇక ఇంటికి రాదేమో అనిపించింది. సిగ్గు పడకుండా చెప్పాలంటే, క్రూరమృగాల కన్నా దానికే ఎక్కువ భయపడ్డాను.

ఒంటిగుండు ఉంది. సీతాఫలం చెట్టూ ఉంది. చెట్టు నిండా కోతులున్నాయి. నీళ్ళొచ్చినప్పుడు కొండ మీద ఇరుక్కుపోయిన వాటి సంతానం. నేను వీరోచితంగా పీపీ ఊదాను. ఒక గడుగ్గాయి దిగొచ్చి, నా చేతిలోంచి ఉండేలు లాక్కుని, కొమ్మెక్కి దాన్ని నమలడం మొదలుపెట్టింది. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒరేయ్, ఆడబడుచు ఇన్నేళ్ళకి ఇంటికొస్తే ఇదంట్రా మర్యాద? దిగండి! మీ తాత నా చెయ్యి కొరికినోడు, మీరెంత?"

మాటలకో, గొంతుకో, అవి నిజంగానే పక్క బండ మీదికి జరిగి కూర్చున్నాయి. నేను ఉండేలు కోసం ఏడుస్తుంటే అమ్మ కాయలు కోస్తూ, "పోనీరా. మేనమామ కొడుకు, నీకు బావ వరస. ఆ మాత్రం తీసుకోడూ!" అంది. కొంగు నిండా కాయలు మూటగట్టింది. నాకు ఒక ఏదుపంది ముల్లు దొరికింది. దీవిని జయించినందుకు అదే నా సాక్ష్యం అనుకున్నాను.

అసలు సాహసం తిరుగు ప్రయాణంలో జరిగింది. మేం పైనున్నంతసేపూ పుట్టి ఒడ్డున బోర్లించకుండా ఉంది, అందులో తాత గోనెసంచీ, సంచి కింద ఆయన రాత్రికి దాచుకున్న ఎండుచేపలు. సరిగ్గా నడినీళ్ళలో ఆ సంచి కదిలింది. దాని కింది నుంచి ఒక తల, నాలిక చాచుకుంటూ వచ్చింది. తర్వాత ఒళ్ళు. తర్వాత తోక, అది వస్తూనే ఉంది. ఉడుము! పుట్టిలో నిలబడగూడదని పొద్దున మూడుసార్లు చెప్పారు. నిలబడ్డాను. పుట్టి గిర్రున తిరిగి ఒక పక్కకి ఒరిగింది, నీళ్ళు లోపలికి వచ్చాయి, నేను అమ్మని వాటేసుకుని ప్రాణం పోయేలా అరిచాను.

"అమ్మా, పుట్టి మునుగుతాంది!"

"ఇప్పుడేమంత..." అని మొదలుపెట్టింది అమ్మ. అంతే. మిగతా మాట వదిలేసి నన్ను రెండు చేతులా పట్టుకుంది. జీవితంలో ఆ మాట ఆమెకి అక్కరకు రాని రోజు అదొక్కటే. తాత కదలొద్దని కేకలేస్తూ బరువంతా రెండో వైపు వేసి పుట్టిని నిలబెట్టాడు. ఉడుము మాత్రం మా అందరికన్నా మర్యాదగా అంచెక్కి నీళ్ళలోకి దిగి, ఈదుకుంటూ కొండ వైపు వెళ్ళిపోయింది. మోకాలి కింద దాకా నీళ్ళు. అమ్మ టిఫిన్ డబ్బాతో తోడుతూ తోడుతూ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పుట్టిల్లే మునిగినా బతికా బాబాయ్. పుట్టి మునిగితే పోతానా!"

తాత కూడా నవ్వాడు. నేను నవ్వలేదు, చెయ్యి ఖాళీ లేదు. (ఉడుంపట్టు అంటారు గానీ ఆ రోజు నా పట్టు ముందు అదెంత అని అమ్మ ఏళ్ళ తరబడి చెప్పుకుంది.) అప్పుడు చూశాం, మూట ఊడి కాయలు సగం నీళ్ళలో తేలిపోతున్నాయి. తాత తెడ్డు చాపబోతే అమ్మ ఆపింది. రెండు కొండల్నీ చూసింది. "ఉండనీ బాబాయ్, ఇంటి మీదనేగా. మా అమ్మక్కూడా ఉండనీ."

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. నాయనమ్మ అరుగు మీదే ఉంది. "ఏమే, ఏం పెట్టారు మీ పుట్టింటోళ్ళు?"

అమ్మ తడి కొంగు విప్పి ఏడు కాయలు ఆమె ఒళ్ళో పోసింది. నాయనమ్మ ఒకదాన్ని దీపం దగ్గర తిప్పి చూసింది. "దీనికి పంటి గాట్లున్నయ్యేందే?"

"మావాళ్ళు రుచి చూసి మరీ పంపారత్తా" అంది అమ్మ.

నాయనమ్మ మంచి కాయలు పక్కన పెట్టి, ఆ గాట్ల కాయనే విప్పి, గింజలు ఒక్కొక్కటిగా ఊస్తూ చివరిదాకా తింది. మరుసటేడు దసరాకి చిన్నమ్మ పెట్టె సర్దుకుంటుంటే, నాయనమ్మ రోటి దగ్గరికొచ్చి అమ్మ చేతిలో పొత్రం తీసుకుంది. "నువ్వెప్పుడు పోతన్నావే పుట్టింటికి? ఈసారి కాయలు కాసిని ఎక్కువ తీసకరా" అంది.

ఏదుపంది ముల్లు ఎక్కడో పోయింది. నాయనమ్మా లేదు, అమ్మా లేదు. నేను ఏటా ఒకసారి లాంచీ ఎక్కుతాను. మైకులో సినిమా పాటలు మోగుతుంటాయి, పిల్లలు చిప్స్ తింటుంటారు. రెండు కొండల మధ్య లెక్క కుదిరిన చోట నేను రెయిలింగు మీదికి వంగి చూస్తాను. అమ్మ కూడా ఇప్పుడు అక్కడికే వెళ్ళి ఉంటుందని నా నమ్మకం, పుట్టిల్లు కదా. పోయిన్నెల మా ఆవిడ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, "అంత వంగుతారేంటి, పడిపోతారు!" అని కోప్పడింది.

ఆవిడ భయమూ న్యాయమే. మా అమ్మమ్మగారిల్లు నీళ్ళలో ఉంది, నాకా, ఇప్పటికీ ఈత రాదు.