జంట సైకిల్

నా సైకిల్‌ని మా ఆయన పాత ఇనుము కొట్టులో ఎంచాడు. ధర్మపురి బస్టాండు వెనక వీధిలో ఆ కొట్టు ఇప్పటికీ ఉంది. చక్రాలు లేని ఫ్రేములు గోడకు ఆనించి ఉంటే ఒక్కొక్కదాన్నీ పైకెత్తి, గోటితో దండె మీద కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తుప్పు పైపైనే ఉందా, లోపలిదాకా తిన్నదా అని ఆయన అట్లా తెలుసుకునేవాడు. చివరికి ఒక ఆడవాళ్ళ సైకిల్ ఫ్రేము తెచ్చి నా ముందు నిలబెట్టాడు. పచ్చరంగు సగం రాలిపోయి ఉంది.

"దీన్ని చూడు. అతుకుల కాడ ఒక్క పగులు లేదు. మంచి ఉక్కు. రంగు మళ్ళా కొట్టుకోవచ్చు."

"నాకెందుకు బావా సైకిల్? ఈ వయసులో తొక్కితే నవ్వుతారు."

"నవ్వనీ. బడికి పోయేటప్పుడు తొక్కినావు కదా. కాళ్ళకు జ్ఞాపకం ఉంటుందిలే."

ఆయన మా మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచిన నోరు, పెళ్ళయ్యాక కూడా మార్చుకోలేదు. మా వాళ్ళు ఎన్నో తరాలుగా ఈ తమిళనాడు ఊళ్ళో వ్యాపారం చేసుకుంటున్నారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాది పప్పులూ మసాలా దినుసులూ అమ్మే అంగడి. తోటి అంగళ్ళవాళ్ళందరూ స్కూటర్లు కొన్నా ఆయన మాత్రం సైకిల్ వదల్లేదు. అందులోనూ బరువైన ఉక్కు సైకిల్ అయితేనే ఆయనకు ఇష్టం. గేర్లున్న తేలిక సైకిల్ ఎవరైనా చూపిస్తే, "బాగుంది, దీని మీద కందిపప్పు మూట యాడ పెట్టేది?" అని అడిగేవాడు.

మా కూతురు కాలేజీలో చేరి సేలం హాస్టలుకు వెళ్ళిన ఏడాది అది. ఇల్లు ఖాళీగా అనిపించి నేను ఊరికే పడుకుని ఉండేదాన్ని. అందుకే ఆయన ఆ పచ్చ ఫ్రేము తెచ్చాడని తర్వాత అర్థమయింది. వరండాలో గోనెపట్టా పరుచుకుని దాన్ని కొంచెం కొంచెంగా కట్టాడు. చీర అంచు పడకుండా చైనుకు నిండు కవరు, వెనక చక్రానికి రెండు పక్కలా వల, స్ప్రింగులున్న తోలు సీటు. పాలకోడు రోడ్డు ఎత్తులు నేను తొక్కలేనని వెనక పళ్ళచక్రం మార్చి పెద్దది వేశాడు. సీటు ఎత్తు సరిచూడటానికి నన్ను ఎన్నిసార్లు ఎక్కించి దించాడో. కాలు పూర్తిగా కిందికి పోయినప్పుడు మోకాలు కొంచెమే వంగాలి, అంతకు మించి వంగితే సాయంత్రానికి నొప్పి మొదలవుతుంది అనేవాడు. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకున్నప్పుడల్లా నా వేళ్ళ మీద తట్టేవాడు.

అట్లా మొదలయింది. ఆదివారం పొద్దున ఇద్దరం బయలుదేరేవాళ్ళం. పెరియంపట్టి వైపు ఒక వారం, పాలకోడు వైపు ఒక వారం. పాలకోడులో టమాటాలు అమ్మే తక్కాళి మండి దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, వాటి పక్కనే టీ తాగి, పండిన టమాటాలు ఒక సంచి కొని నా క్యారియర్‌కు కట్టుకుని వచ్చేవాళ్ళం. మొదట్లో ఆయన కోసం తొక్కాను. తర్వాత నాకే పిచ్చి పట్టింది. రోడ్డు మీద ఎవరి సైకిల్ చప్పుడు విన్నా, చైను ఎండిపోయిందని, మడ్‌గార్డు వదులయిందని నాలో నేనే అనుకునేదాన్ని. చువ్వలు బిగించి చక్రం వంకర తీయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన కన్నా నాకే బాగా వచ్చిందని ఆయనే అందరితో చెప్పేవాడు.

ఒక సాయంత్రం అంగడి నుంచి వస్తూ, రోడ్డోరం నిలిపి ఉన్న ట్రాక్టర్ ట్రాలీకి గుద్దుకున్నాడు. భుజం కమిలింది. డైనమో వెలుగు చాలడం లేదని చెప్పి మరునాడు పెద్ద దీపం కొన్నాడు. కొన్నాళ్ళకు అదీ చాలలేదు. హ్యాండిల్‌కు బ్యాటరీ లైటు ఇంకొకటి కట్టాడు. మా వీధిలో పిల్లలు ఆయన సైకిల్‌ని కల్యాణ మంటపం అని పిలిచేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఇంట్లో మాత్రం నేను పక్కన పెట్టిన కాఫీ గ్లాసు చేయి తగిలి పడిపోయేది. ఎదురుగా పెడితే తీసుకునేవాడు, పక్కన పెడితే చూసేవాడు కాదు.

సేలంలో కంటి డాక్టరు చాలాసేపు పరీక్ష చేసింది. కంటి వెనక పొర ఎండిపోతూ ఉందని, ముందు చీకట్లో కనపడదని, తర్వాత పక్కల నుంచి మూసుకుంటూ వచ్చి చివరికి నడిమి చూపు కూడా పోతుందని చెప్పింది. మందు లేదు. ఎన్నాళ్ళలో అని నేను అడిగితే, ఒక్కొక్కరికి ఒక్కో తీరు అన్నది. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు తొప్పూరు కనుమ ఎక్కింది.

"అయితే డైనమో మంచిదే," అన్నాడు తర్వాత. "ఊరికే దాన్ని తిట్టినాను."

నాకు ఏడుపు వచ్చింది. ఆయన నా చేతిని పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఎండ బాగా వచ్చాకే బయలుదేరడం మొదలుపెట్టాం. నేను ముందు, ఆయన వెనక. నేను తెల్ల చొక్కా ఒకటి చీర మీద వేసుకునేదాన్ని, ఆయనకు ఆనవాలుగా. అదీ సరిగా కనపడనప్పుడు నా క్యారియర్‌కు ఆవు మెడలో కట్టే గంట ఒకటి కట్టాడు. గుంత వస్తే నేను అరిచి చెప్పాలి, లేకపోతే ఆయన గంట చప్పుడు వెంటే వచ్చేస్తాడు. కొన్ని నెలలు అట్లా గడిచాయి. పెరియంపట్టి దాటినాక ఒక మలుపులో ఎదురుగా వచ్చిన బస్సు హారన్ మోతలో గంట వినపడక, ఆయన నేరుగా పోయి కాలువలో పడ్డాడు. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా సైకిల్ జోలికి పోలేదు. చక్రాల్లో గాలి తీసేసి, గోడ వైపు తిప్పి పెట్టాడు.

పగలంతా అంగట్లో కూర్చునేవాడు. పప్పు చేత్తో పట్టుకుని అది ఏ రకమో చెప్పగలిగేవాడు కాబట్టి వ్యాపారం ఆగలేదు. ఆదివారం వస్తే మాత్రం ఏం చేయాలో తోచక, మంచం మీద లేచి కూర్చుని మళ్ళీ పడుకునేవాడు.

రెండు సీట్ల సైకిల్ ఒకటి ఫోనులో మా కూతురు చూపించింది. కొనాలంటే ఎక్కడో పెద్ద నగరంలో దొరుకుతుంది. ఇక్కడ దొరక్కపోతేనేం, ఉక్కును కోసి అతికించవచ్చు కదా అనిపించింది నాకు. గేట్లు, కిటికీ ఊచలు చేసే వెల్డింగ్ షాపు అతన్ని అడిగాను. అతను తమిళంలో, ఫ్రేములు తీసుకురండమ్మా, చూద్దాం అన్నాడు. ఇంటికి వచ్చి చెప్తే మా ఆయన ముఖం చిట్లించాడు.

"నువ్వు ముందు, నేను వెనకనా? ఊరంతా ఏమంటుంది?"

"నవ్వేవాళ్ళు నవ్వనీ అని నువ్వే కదా చెప్పినావు."

"అది నీకు చెప్పినాను."

"నాకు ముందు సీటు భయమే బావా. వెనక నువ్వు లేకపోతే నేను తొక్కను."

ఆయన మరునాడు పొద్దున లేచి, "ఆ ఇనుము కొట్టు తీసి ఉంటుందా ఈ దినం?" అని అడిగాడు.

ఆ నెలలు మంచి నెలలు. ఫ్రేముల మీద గోటితో కొట్టి ఎంచింది ఆయనే. తన నల్ల సైకిల్ ఫ్రేమే ముందుకు ఉండాలన్నాడు, వెనకకు ఇంకొకటి దొరికింది. వెల్డింగ్ అయిన ప్రతి అతుకునీ చల్లారాక వేళ్ళతో తడిమి చూసేవాడు. రెండు ఫ్రేములూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడటానికి ముందు నుంచి వెనకదాకా దారం కట్టించాడు. దారం నేను చూశాను, ఆయన వేలితో చూశాడు. ఇద్దరి పెడళ్ళనూ కలిపే పొడుగు చైను, ఇద్దరి బరువు మోసే గట్టి చువ్వల వెనక చక్రం. ఆ చక్రం నేనే కట్టాను. బ్రేకులు రెండూ నా చేతికే వచ్చాయి. వెనక హ్యాండిల్ నా సీటు కడ్డీకి బిగించింది, అది తిరగదు, పట్టుకోవడానికి మాత్రమే.

మొదటి రోజు మైదానంలో మూడు అడుగులు పోయి పడిపోయాం. ఆయన నేల మీద కూర్చుని నవ్వాడు. "కుడి కాలు అని నువ్వు చెప్పాల. నాకెట్ల తెలుస్తుంది?" అన్నాడు. అప్పటి నుంచి నేను కుడి అంటే ఇద్దరం కుడి పెడలు తొక్కేవాళ్ళం. ఎత్తు వస్తే ఎత్తు అని, గుంత వస్తే గుంత అని చెప్పేదాన్ని. ఆయన కాళ్ళ బలం వెనక నుంచి వచ్చి పెడళ్ళ మీద నా పాదాలను తోసేది. అంత దగ్గరగా మేము ఎప్పుడూ లేమేమో అనిపించేది.

మళ్ళీ పాలకోడు వెళ్ళాం. చక్కెర మిల్లు దగ్గర పడుతుంటే నా కన్నా ముందే ఆయనకు వాసన తెలిసేది. "చెరుకు బండ్లు ఎన్ని ఉండాయి?" అని అడిగేవాడు. నేను చూసినదంతా చెప్పేదాన్ని. కొత్తగా లేచిన మేడలు, నారు పోసిన మడి, రోడ్డోరం ఆరబెట్టిన రాగులు. అప్పటికి ఆయనకు నడిమిలో ఒక చిన్న వెలుగు మిగిలి ఉంది. దాంట్లో నా జడ కనపడుతుందని చెప్పేవాడు.

ఒకసారి మండి దగ్గర టీ తాగుతుంటే, గంపలు దించే మనిషి ఒకడు మమ్మల్ని చూసి పక్కవాడితో, పాపం, కన్ను కనపడదు, పెళ్ళాం తోలుకుని పోతుంది అని తమిళంలో అన్నాడు. చెడ్డగా అనలేదు. నిజంగానే జాలిపడ్డాడు. మా ఆయన గ్లాసు కింద పెట్టి, "పోదాం పా," అన్నాడు.

ఆ ఏడాది వానలు మొదలయ్యేసరికి ఆ చిన్న వెలుగు కూడా పోయింది. ఫలానా రోజున పోయిందని మాకు తెలియలేదు. నా జడ కనపడుతుందని చెప్పడం మానేశాడు, అంతే. వెనక సీటు మీద ఆయన ఒళ్ళు మారిపోయింది. లారీ హారన్ వినపడితే ఉలిక్కిపడి ఒక పక్కకు వంగేవాడు, సైకిల్ మొత్తం వంగేది. నేను ఎంత బలంగా పట్టుకున్నా రోడ్డు నడిమికి లాగేది. వెనక నుంచి వచ్చేది లారీయో, బస్సో, ఎంత దూరంలో ఉందో ఆయనకు తెలియదు, ఆపడానికి చేతిలో బ్రేకు లేదు. చెమటతో ఆయన అరచేతులు జారుతూ ఉండేవి. మెత్తటి పిడులు కొని వేశాను. హారన్ మోత వినపడని లోపలి దారులు వెతికాను. రెండో బ్రేకు ఆయన చేతికి కూడా ఇచ్చి చూశాం, ఆయన భయపడి నొక్కితే ఇద్దరం పడిపోబోయాం. దాన్ని మళ్ళీ తీసేశాను.

మహేంద్రమంగళం దారిలో, ఒక ఆదివారం, ఇద్దరం ఎత్తు ఎక్కుతుండగా, "ఆపు," అన్నాడు. ఆపాను. ఆయన దిగి, కాలితో వెతుక్కుంటూ పోయి కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు.

"నీళ్ళు తాగుతావా?"

"వద్దు. ఇంక చాలు."

"ఈ ఎత్తు దాటితే అంతా పల్లమే బావా."

"ఎత్తు కాదు. నువ్వు బాగానే తోలతావు. నేను ఉండేది నీకు బరువు కాదని కూడా నాకు తెలుసు. నాకు దీంట్లో సుఖం లేదే ఇంక. పోయే దినం ముందర రాత్రంతా నిద్ర రాదు. నీ ముఖం చూసి చెప్పలేకపోయినాను, ఇప్పుడు ముఖమే కనపడదు కదా, చెప్పేస్తాను."

నేను పక్కన కూర్చున్నాను. చేలో ఎవరో మోటారు వేశారు, నీళ్ళు పారుతున్న చప్పుడు. తర్వాత సైకిల్ నడిపించుకుంటూ పాలకోడు వచ్చి, తెలిసినవాళ్ళ ఇంట్లో దాన్ని ఉంచి, బస్సు ఎక్కాం. బస్సులో ఆయన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. అంత గాఢంగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

జంట సైకిల్ టెంపోలో ఇంటికి వచ్చింది. వరండాలో అది పట్టింది కానీ, నడిచే దారికి అడ్డం. ఆయన రెండుసార్లు దానికి తగిలి పడబోయాడు. అమ్మేద్దామంటే ఎవరికి కావాలి అది? చివరికి ఆయనే వెల్డింగ్ షాపుకు ఫోను చేయమన్నాడు. కోసి, మళ్ళీ రెండు చేయమన్నాడు. వెల్డర్ వచ్చి, మంచి పని అమ్మా, కోయడానికి మనసు రావడం లేదు అన్నాడు. ఆయన వరండా మెట్టు మీద కూర్చుని కోత మిషను చప్పుడు ఆగేదాకా విన్నాడు. నేను వంటింట్లోకి పోయాను. వెనక ఫ్రేము ఇనుము కొట్టుకే పోయింది. నల్లదానికి మళ్ళీ వెనక భాగం అతికించి, అంగట్లో మూటలు దించే మనిషికి ఇచ్చాం. అతను దాన్ని బాగానే చూసుకుంటున్నాడు.

పచ్చ సైకిల్ మీద నేను ఒక్కదాన్నే పోవడం నాలుగైదు నెలల తర్వాత మొదలుపెట్టాను. ఆయనే పొమ్మన్నాడు. తిరిగి వచ్చాక కాఫీ తాగుతూ, "ఏమే, ఏం చూసినావు?" అని అడిగేవాడు. అన్నీ చెప్పేదాన్ని. మండిలో టమాటా రాశులు, పొలాల్లో కూలీలు, కొత్త పెట్రోలు బంకు. చెప్పడం కోసమే చూసేదాన్ని, రోడ్డు మీద మాటలు పేర్చుకుంటూ వచ్చేదాన్ని. ఒకనాడు బంతిపూల తోట గురించి చెప్తుంటే ఆయన చేయి ఎత్తాడు.

"చెప్పకు," అన్నాడు. కోపం లేదు గొంతులో. "నువ్వు చెప్తే కనపడినట్టే ఉంటుంది. ఆపినాక మళ్ళా పోతుంది. ప్రతి ఆదివారం మళ్ళా చూపు పోవడం కష్టంగా ఉంది నాకు."

"అయితే నేనూ పోను."

"నువ్వు పో. నువ్వు పోకపోతే ఇంకా కష్టం."

అందుకని పోతున్నాను. చైనుకు నూనె నేనే వేసుకుంటాను, సీటు తోలుకు నేనే మైనం రాస్తాను. పాలకోడు రోడ్డు ఇప్పుడు వెడల్పు చేశారు, బండ్లు వేగంగా పోతాయి, నేను ఓరంగా తొక్కుతాను. తిరిగి వచ్చేసరికి ఆయన స్నానం చేసి, వరండాలో కూర్చుని రేడియో వింటూ ఉంటాడు. స్టాండు వేసిన చప్పుడు విని తల తిప్పుతాడు. "వచ్చినావా?" అంటాడు. వచ్చాను బావా అని లోపలికి పోయి కాఫీ పెడతాను.