వెంట్రుకవాసి గాంధారం

ఇనుప ఖనిజం లారీ తోలడం మానేశాక నారప తారానగర్ భజనలో హార్మోనియం వాయిస్తున్నాడు. పాడే ప్రమీలమ్మ గాంధారం అతని హార్మోనియం మెట్టు కన్నా వెంట్రుకవాసి కిందే పలికేది. "స్వల్ప కిందికి పోతాండావక్కా" అని ఏళ్లుగా సరిదిద్దుతూనే వచ్చాడు.

ఒక ఉదయం హార్మోనియం తిత్తి చిరిగింది. ఆమె తంబుర మీటుకుంటూ పాడింది. గాంధారం అందుకోగానే గొంతేదో తంతి ఏదో తెలియకుండా రెండూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. ఎర్రదుమ్ము తేలుతున్న ఎండలో నారప కళ్లు మూసుకున్నాడు. తానెక్కడో నిండు నీటి మీద వెల్లకిలా తేలుతున్నట్టుంది. పాట ఆగాకే కళ్లు తెరిచాడు.

"ఇన్నేళ్లూ తప్పు నాదేనక్కా," అన్నాడు.

"నీ పెట్టెను అన్ని శ్రుతులకూ సర్దుకొనేలా కట్టినారప్పా. తంబుర యాడ సర్దుకుంటాది?" అని నవ్విందామె.

తిత్తి అతికించిన రోజే అతను గాంధారం పలికే ఇత్తడి రీడు విప్పి, స్వరం వెంట్రుకవాసి దిగేలా దాని మొదలు దగ్గర సన్నగా గీకాడు. వాయించి విన్నాడు, మళ్లీ గీకాడు. మధ్యాహ్నానికి తంబురతో కలిపి వాయిస్తే రెండు స్వరాలూ పొసగక వచ్చే వణుకు ఆగిపోయింది.

ఇప్పుడా పెట్టె ప్రమీలమ్మ శ్రుతికి తప్ప ఇంకెవరి శ్రుతికీ సరిగా కుదరదు. వేరేవాళ్లు పాడే రోజున నారప తాళాలు పట్టుకుని వెనక కూర్చుంటాడు.