మట్టి సమాధులు ఎక్కడికి వెళ్ళాయి

మా పాప పోయేనాటికి దానికి ఆరో ఏడు నడుస్తోంది. మెదడువాపు జ్వరం. విజయవాడ ఆసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైందన్నారు. మా ఊరు జగ్గయ్యపేటకు దగ్గర, చిల్లకల్లు వైపు. ఊరి బయట వాగు ఒడ్డున మా క్రైస్తవుల సమాధుల దొడ్డి ఉండేది. అక్కడే పెట్టాం. వెంటనే సిమెంటు కట్టించలేదు. "వాగు పక్క నేల. ఒక వానాకాలం పోయి మట్టి కుంగినాక కట్టిద్దాం" అన్నారు మా ఆయన. వానాకాలం వెళ్ళింది. ఆ మాట మళ్ళీ ఎత్తడానికి ఇద్దరికీ నోరు రాలేదు. కట్టేస్తే ఇక అయిపోయినట్టే అనిపించేది. చుట్టూ వాగు రాళ్ళు పేర్చి, నెత్తిన చెక్క సిలువ పాతి, అలాగే ఉంచేశాం. ఆ దొడ్డిలో అలాంటి మట్టి సమాధులు చాలానే ఉండేవి. కొందరికి స్తోమత లేక, కొందరికి మాలాగే మనసు రాక.

కొన్నేళ్ళకు, పేట వెళ్ళే దారిలో వాగు మీద కొత్త వంతెన వస్తుందన్నారు. వాగు పొంగినప్పుడల్లా ఊరికి రాకపోకలు ఆగిపోయేవి కాబట్టి అందరం సంతోషించాం. నేను నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. వానొస్తే స్కూలుకు ఎలా వెళ్ళాలన్న బెంగ తీరుతుందని నేనూ సంతోషించాను. సర్వే వాళ్ళు వచ్చి, సమాధుల దొడ్డిలో సగానికి పైగా రోడ్డు కింద పోతుందని తేల్చారు. పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెట్టి సిమెంటు సమాధుల తాలూకు వాళ్ళ పేర్లు రాసుకున్నారు. ఊరికి అవతల కొత్త స్థలం ఇస్తాం, వాటిని అక్కడికి మార్చుకోండి అన్నారు.

"మరి మట్టివి, సార్?" అని అడిగాను.

"అవీ తీస్తామమ్మా. ముందు మీకు కబురు చేస్తాం. మీ పాస్టరు గారిని పిలిపించుకుని ప్రార్థన చేసుకుందురు గానీ" అన్నాడు ఇంజినీరు. మర్యాదగానే అన్నాడు. నేను నమ్మాను.

సిమెంటు సమాధులు ఒక్కొక్కటే మారాయి. వాటి తాలూకు వాళ్ళు కొత్త గుడ్డల్లో ఎముకలు మూటగట్టుకుని, పాటలు పాడుకుంటూ కొత్త స్థలానికి నడిచారు. మా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ తెల్లగుడ్డ ఒకటి కొని బీరువాలో పెట్టాను.

మిరపకాయ కోతల రోజులవి. ఊళ్ళో మనుషులంతా చేలల్లో ఉన్నారు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి బస్సు దిగేసరికి వాగు వైపంతా చదునుగా కనిపించింది. సిలువలు లేవు, రాళ్ళు లేవు, తుమ్మ చెట్లు కూడా లేవు. పొక్లెయిన్ నడిచిన గుర్తులు మాత్రం తడి మట్టిలో బారుగా ఉన్నాయి. మా వీధి చివర ఉండే ముసలాయన ఒక్కడే ఆ చదును మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. కూలి చేసుకుని బతికిన మనిషి, పిల్లలు లేరు. ఆయన భార్యది కూడా మట్టి సమాధే, మా పాప పక్క వరసలో.

"అమ్మాయ్, ఇక్కడేగా మనోళ్ళు ఉంది? నాకు తావు తెలవట్లా" అన్నాడు.

నాకూ తెలియలేదు. ఆనవాలు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

పని దగ్గరున్న సూపర్‌వైజరును అడిగితే, "మట్టి తీయమన్నారు, తీసాం. ఆఫీసులో అడగండి మేడమ్" అన్నాడు. ఆ ఆఫీసు నందిగామలో ఒక మేడ మీద ఉండేది. అది ఏ శాఖదో ఇక్కడ రాయను. అక్కడికి వెళ్తే ఇంజినీరు సెలవులో ఉన్నాడన్నారు. మళ్ళీ వెళ్తే సైటుకు వెళ్ళాడన్నారు. ఆ తర్వాత బదిలీ అయ్యాడన్నారు. నోటితో అడిగితే చెప్పరని అర్థమై, సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాను. మూడే ప్రశ్నలు అడిగాను. మట్టి సమాధులను ఏ రోజు తీశారు? అప్పుడు ఎవరెవరు దగ్గరున్నారు? తీసిన మట్టినీ అందులో ఉన్నవాటినీ ఎక్కడికి తరలించారు?

జవాబు వచ్చింది. మీరు అడిగిన వివరాలు కాంట్రాక్టరు వ్యాపార రహస్యాలకు సంబంధించినవి, వాటిని వెల్లడించడంలో ప్రజా ప్రయోజనం ఏమీ కనిపించనందున తిరస్కరించడమైనది అని ఉంది. కింద సంతకం, ముద్ర. స్టాఫ్ రూములో ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నా బిడ్డ ఎక్కడుందన్నది ఎవరి వ్యాపారం? అందులో రహస్యం ఏముంది?

మా ఆయనకు పేటలో బైకు రిపేరు షెడ్డు ఉంది. రాత్రి అన్నం తింటూ ఆ కాగితం సంగతి విని, "ఇయ్యనన్నారుగా. ఇంక వదిలెయ్" అన్నారు.

"పైవాళ్ళకు అప్పీలు పెట్టుకోవచ్చంట."

"పెట్టి? తెలిసినాక ఏం జేస్తావ్?"

అయినా అప్పీలు రాశాను.

దాన్ని వినేది అదే ఆఫీసులో పై కుర్చీలో కూర్చునే అధికారి. పిలిచిన రోజు బాబాయి కూడా వస్తానన్నాడు. ఉతికిన పంచె కట్టుకుని, నాకంటే ముందే వచ్చి బస్టాపులో నిలబడ్డాడు. నందిగామలో మేడ మెట్లెక్కడానికి ఇబ్బంది పడ్డాడు గానీ చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. లోపలికి నన్నొక్కదాన్నే రమ్మన్నారు. ఆయన వరండాలో బల్ల మీద కూర్చున్నాడు.

అధికారి మంచినీళ్ళు తెప్పించి ఇచ్చాడు. "టీచరు గారు కదా మీరు. చదువుకున్నవాళ్ళు. వంతెన మీ ఊరి మంచికేగా కడుతున్నాం. జరిగిందేదో జరిగింది. ఇప్పుడు పాతవన్నీ తవ్వుకుంటే ఏమొస్తుందమ్మా?"

"తవ్వింది మీరు సార్, నేను కాదు."

ఆయన మొహంలో రంగు మారింది. కాగితాలు సర్దుకున్నాడు. "సరే, ఆర్డరు పోస్టులో వస్తుంది" అన్నాడు. వచ్చింది. కింది అధికారి ఇచ్చిన జవాబు సక్రమంగానే ఉంది, అప్పీలు కొట్టివేయడమైనది.

ఆ రోజు వరండాలోకి వచ్చినప్పుడు బాబాయి లేచి నిలబడి, "చెప్పారా అమ్మాయ్?" అన్నాడు. లేదన్నాను. "చెప్తార్లే, ఒకసారి గాకపోతే ఇంకోసారి" అని నన్నే ఓదార్చాడు. బస్టాండులో టీ తాగుతూ భార్య గురించి చెప్పాడు. ఆమెకు చీకటంటే భయమట. దీపం ఆర్పితే ఊరుకునేది కాదట. అంతకుముందు ఎన్నడూ ఆయన ఆమె గురించి మాట్లాడగా నేను వినలేదు.

నేను రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పంపాక ఊళ్ళో మాటలు మారాయి. నేను కేసు వేశానని, వంతెన పని ఆగిపోతుందని, కొత్త సమాధుల స్థలానికి కట్టిస్తామన్న గోడ ఇక కట్టరని ఎవరో పుట్టించారు. చర్చిలో నా పక్కన కూర్చునే ఆవిడ ఒక ఆదివారం ముందు వరసలోకి మారింది. కాంట్రాక్టరు తరఫు మనిషి మా ఆయన షెడ్డుకు వచ్చి, బండికి ఆయిలు మార్పించుకుంటూ, "మీ మేడం గారికి చెప్పండన్నా, ఆడవాళ్ళకి ఆఫీసుల చుట్టూ ఏం పని" అన్నాడట. ఆ సాయంత్రం మా ఆయన నా మీద అరిచారు.

"పేటలో నేను షెడ్డు నడుపుకోవాలా వద్దా? నీకు ఒక్కదానికేనా బిడ్డ పోయింది?"

"మీకూ పోయింది. మీరూ అడగండి మరి" అన్నాను.

ఆయన బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు. కాసేపటికి లోపలికొచ్చి, "ఈసారి పిలిస్తే చెప్పు, షెడ్డు మూసి నేనూ వస్తా" అన్నారు.

పిలుపు రావడానికి చాలా కాలం పట్టింది. అప్పటికి వంతెన పూర్తయింది. రెండు వైపులా ఎత్తుగా గట్టు పోసి, దాని మీద తారు వేశారు. నాయకులొచ్చి రిబ్బను కత్తిరించారు. మేమూ ఆ దారినే తిరుగుతున్నాం. వేరే దారి లేదు.

విచారణ రోజు ముగ్గురం కలిసి విజయవాడ బస్సెక్కాం. కమిషనరు గారు ఆఫీసు తరఫున వచ్చినాయనను ఒక్కటే అడిగారు.

"ఈ వివరాలు మీ దగ్గర ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి సార్, కానీ కాంట్రాక్టరు..."

"ఒక తల్లి తన బిడ్డ సమాధి ఎక్కడ అని అడుగుతుంటే కాంట్రాక్టరు వ్యాపారానికి ఏం నష్టమండీ? ఇవ్వండి."

అంతే. పక్క కేసు పిలిచారు. ఇంత కాలం తిరిగింది ఇంత చిన్న మాట కోసమా అనిపించింది. బయటికొచ్చాక బాబాయి నా తల మీద చెయ్యి పెట్టాడు. మా ఆయన ముగ్గురికీ బజ్జీలు కొనుక్కొచ్చారు. తిరుగు బస్సులో నేను మనసులో లెక్కలు వేసుకున్నాను. ఎక్కడున్నా సరే, అనుమతి తీసుకుని తీయించాలి. బీరువాలో గుడ్డ అలాగే ఉంది. కొత్త స్థలంలో చిన్నదైనా సరే, ఈసారి సిమెంటుతో కట్టించాలి.

జవాబు స్కూలు చిరునామాకు రిజిస్టరు పోస్టులో వచ్చింది. మూడో పీరియడ్ అయ్యాక విప్పాను. తీసిన తేదీ వేసి, మట్టి దిబ్బల వద్ద ఎలాంటి అవశేషాలూ గుర్తించలేదు అని మొదట ఉంది. దగ్గరున్నవారు అన్నచోట సూపర్‌వైజరు, మెషిన్ ఆపరేటరు అని రాశారు. సదరు మట్టిని వంతెన అప్రోచ్ గట్టు నింపుటకు వినియోగించడమైనది అని చివర ఉంది. ఇందులో దాచాల్సిందేదీ లేదని రాసినవాళ్ళు అనుకుని ఉంటారు. కబురు లేదు, ప్రార్థన లేదు. ఎత్తి, టిప్పర్లో వేసి, పోసి, రోలరుతో తొక్కించారు.

బెల్లు కొట్టారు. ఏడో తరగతికి వెళ్ళి భిన్నాలు చెప్పాను. బోర్డు వైపు తిరిగి ఏం రాశానో ఇప్పుడు గుర్తులేదు.

సాయంత్రం పేటలో దిగి మా ఆయన షెడ్డుకు వెళ్ళాను. స్పానరు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కాగితం చదివారు. మళ్ళీ చదివారు. కాగితం మడిచి నాకిచ్చి, "ఇప్పుడు ఇంటికి ఎట్టా పోవాలి మనం?" అన్నారు. చివరికి ఆ దారినే వెళ్ళాం. గట్టు మొదలయ్యేచోట ఆయన బండి ఆపేశారు. ఇంజను ఆపి, నన్ను దిగమని, వంతెన దాటేదాకా బండిని తోసుకుంటూ నడిచారు. ఆయన భుజాలు కదలడం వెనక నుంచి చూశాను. పాప పోయిన రోజున కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు.

బాబాయికి చెప్పడమే కష్టమైంది. ఏదో ఒకటి అల్లి చెప్పు, ముసలాయన ఎందుకు బాధపడాలి అన్నారు మా ఆయన. ఇంతకాలం నాకు నిజం చెప్పనివాళ్ళతో కొట్లాడి, ఇప్పుడు నేనే బాబాయి దగ్గర దాచడం నా వల్ల కాలేదు. మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చదివాను. వాళ్ళ భాష అర్థం కాక, "అంటే?" అన్నాడు. మామూలు మాటల్లో చెప్పాను.

"అంటే మనం నడిచేదాంట్లోనేనా?"

"అవును బాబాయ్."

"నేను నిన్న పేట పోయొచ్చా గదమ్మా దాని మీద. చెప్పులేసుకుని పోయొచ్చా" అన్నాడు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన గట్టు దగ్గరికి రాగానే చెప్పులు చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ఎండాకాలం తారు మీద కాళ్ళు కాలి బొబ్బలెక్కాయి. వద్దంటే వినలేదు. చూసినవాళ్ళలో కొందరికి విషయం తెలుసు, వాళ్ళు తలొంచుకుని పక్కగా వెళ్ళేవాళ్ళు. తెలియనివాళ్ళు మతి చలించిందన్నారు.

ఆ కాగితం పట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళాను. "ఎవరి మీద రాయమంటారమ్మా? మిషను మీదా?" అన్నారు. అర్జీ తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. పై ఆఫీసులకు రాస్తే విచారణ జరుపుతామని జవాబు వచ్చింది. విచారణకు మాత్రం ఎవరూ రాలేదు. గట్టు పక్కన ఒక రాయి నిలబెట్టి పేర్లు చెక్కించుకుంటామని, మట్టి సమాధుల వాళ్ళందరం కలిసి సంతకాలు పెట్టి అడిగాం. చర్చిలో ముందు వరసలోకి మారిన ఆవిడ కూడా సంతకం పెట్టింది. వాళ్ళ తమ్ముడిది కూడా అక్కడ మట్టి సమాధేనని నాకు అప్పుడే తెలిసింది. రోడ్డు హద్దులో ఏ కట్టడానికీ అనుమతి లేదని జవాబు వచ్చింది.

తెలియకపోతేనే బాగుండేదా అని మా ఆయన ఒకసారి అడిగారు. ఆలోచించాను. తెలియనప్పుడు ఎక్కడ మట్టికుప్ప కనిపించినా, ఏ పునాది గుంటలో మట్టి పోస్తున్నా బస్సు కిటికీలోంచి తల తిప్పి చూసేదాన్ని. ఆ చూడటం ఆగింది. అంతకు మించి ఏం బాగుపడిందో చెప్పలేను. ఆయనతో మాత్రం, "తెలియడమే నయం" అన్నాను.

రాయికి అనుమతి లేదన్న జవాబు మీద ఇప్పుడు మళ్ళీ అప్పీలు పెట్టాం. ఈసారి అర్జీదారు పేరు దగ్గర మా ఆయన తన పేరు రాశారు. బాబాయి ఈ మధ్య నడవలేకపోతున్నాడు. అప్పుడప్పుడు నందిగామ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆయన గుమ్మం ముందు ఆగుతాను. పడుకున్నచోటు నుంచే తల తిప్పి, "ఇయ్యాల ఏమన్నా చెప్పారా?" అంటాడు. లేదంటాను.