నాలుగో చుక్క

రిజర్వు సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న నాకు మేజర్ ప్రమోషన్ ఇవ్వకపోగా, ఏకంగా సైన్యం నుంచే తీసేశారు. ఒళ్లుమండి అప్పీలుకు వెళ్లాను. గెలిచామని లాయరు ఫోన్ చేయగానే గోరంట్ల దగ్గరి మా శెనక్కాయ చేనికి గంతులేస్తూ పరుగెత్తాను. నా యూనిఫాం అక్కడే ఉంది. అడవిపందులు బెదరాలని నాయన దాన్ని దిష్టిబొమ్మకు తొడిగాడు.

గుండీలు విప్పుతూ భుజం చూసి ఆగిపోయాను. కెప్టెన్‌కుండే మూడు చుక్కల పక్కన, రేకు కత్తిరించి కుట్టిన నాలుగోది మెరుస్తోంది.

"మేజర్‌కు చుక్కలు పెంచరు నాయనా, సింహాల బొమ్మ పెడతారు!" పగలబడి నవ్వాను.

"నాకేం తెలుసప్పా?" అన్నాడు గట్టు మీదున్న నాయన. "వాళ్లియ్యలేదని నేనిచ్చినా. ఆ పొద్దు నుంచి ఒక్క పంది రాలే."

నాకంటే పై అధికారి కదా! గుండీలు తిరిగి పెట్టి, అటెన్షన్‌లో నిలబడి, దిష్టిబొమ్మకు సెల్యూట్ కొట్టాను.