ఫ్యాను ఫ్యూజులో రాగితీగ

నా కారు వేడెక్కిన ప్రతిసారీ మా బావకు సంతోషమే. ఆయన మా ఆయనకు అన్న, సాంచెల షెడ్డు యజమాని. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఆ షెడ్డులోనే మా ఆయన కూలికి సాంచెలు నడుపుతాడు. మా భివండి పద్మనగర్‌లో ఎవరి కోడలు గొంతు పెంచినా బావ దగ్గర తీర్పు సిద్ధంగా ఉంటుంది. నా కారు మీద తీర్పు కూడా ఇచ్చేశాడు.

"ఆడోళ్ల చేతికి గాడి ఇస్తే గిట్లనే అయితది. అమ్మేయుండ్రి, కొనెటోన్ని నేను చూసిన," అన్నాడు మా ఆయనతో, నేను ఎదురుగా ఉండగానే. అన్నకు ఎదురు చెప్పి ఎరుగని మనిషి, మా ఆయన అన్నం కలుపుకుంటూ తల ఊపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ కారు నాకు షోకు కాదు. షెడ్లలో మిగిలిన చిందీ, అంటే గుడ్డపేలికలు, మూటలు కట్టి కల్యాణ్ గ్యారేజీలకు వేస్తాను. మెకానిక్కులు చేతుల జిడ్డు తుడుచుకోవడానికి కొంటారు. కారు పోతే ఆ బేరం పోతుంది. మళ్ళీ బావ షెడ్డులో ఓ మూల కూర్చుని నూలు కండెలు చుట్టాలి. ఆయనకు కావలసింది అదేనని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

కారు పోతున్నంతసేపు బాగానే ఉండేది. ఆగితేనే వేడి ముల్లు పైకి లేచేది. భివండిలో బండి కదిలేది తక్కువ, ఆగేది ఎక్కువ. ఒకరోజు లారీల మధ్య ఇరుక్కుని, బానెట్ కింద నుంచి ఆవిరి లేస్తుంటే, వెనక ఆటోవాడు హిందీలో నా పుట్టింటివాళ్ళనందరినీ తలుచుకున్నాడు. నేను తెలుగులో అతని అత్తింటివాళ్ళను తలుచుకున్నాను.

గ్యారేజీల చుట్టూ ఇన్నేళ్ళు తిరిగినదాన్ని, ఆమాత్రం తెలుసు. కదిలేటప్పుడు గాలి తగిలి ఇంజను చల్లబడుతోంది, ఆగినప్పుడు ఫ్యాను తిరగడం లేదు. మరునాడు పొద్దున్నే షెడ్డు ముందు బానెట్ ఎత్తాను. ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వేశాను. ఏసీ వేస్తే ఫ్యాను తిరగాలి. తిరగలేదు. ఫ్యానుకు కరెంటు వదిలే రిలే, హారన్ రిలే ఒకటే రకం, ఒకదాని చోట ఒకటి పెట్టాను. హారన్ మోగింది, ఫ్యాను కదల్లేదు. అంటే రిలే మంచిదే. ఇంజను ఆపేసి రెక్కను చేత్తో తిప్పి చూశాను. బిగుసుకుపోయి ఉంది. ఇరుసు చుట్టూ దూది నుసీ దారపు పోగులూ పేనుకున్నాయి. అదంతా షెడ్డు నుసి. కారును తన షెడ్డు కిటికీ కిందే నిలపాలని పట్టుబట్టింది బావే, వచ్చేపోయే వ్యాపారులకు తన దర్జా కనిపించాలని.

బిగుసుకున్న మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు ఫ్యూజు పోవాలి. అది పోతేనే వైర్లు బతుకుతాయి. ఫ్యూజుల పెట్టె మూత తీస్తే, ఫ్యాను ఫ్యూజు ఉండాల్సిన చోట పేనిన రాగితీగ దూర్చి ఉంది. అటు చివర ఫ్యాను ప్లగ్గు కరిగి ముద్దయింది, వైర్లు నల్లగా మాడిపోయాయి.

ఆ తీగ ఎవరు పేనారో నేను ఎవరినీ అడగక్కర్లేదు. సాంచె ఆగితే బట్ట ఆగుతుందని, ఫ్యూజు పోయిన ప్రతిసారీ ఇంకో పోగు కలిపి లావు తీగ పెట్టడం షెడ్లవాళ్ళ అలవాటు. పోయిన నెల పెళ్ళికని కారు తీసుకుపోయింది బావే. దారిలో ఫ్యూజు పోయి ఉంటుంది. తీగ దూర్చి, కారు ఇంటికి తెచ్చి, నోరు మూసుకుని, నింద నా మీద వేశాడు.

తీగ పీక్కుని షెడ్డులోకి పోయాను. సాంచెల మోతలో అరిస్తే తప్ప మాట వినపడదు. నాకూ అరవాలనే ఉంది.

"బావా, ఇది నువ్వు పెట్టిందేనా?" పెళ్ళయిన నాటి నుంచి మీరు అన్నదాన్ని, ఆ రోజు నువ్వు అన్నాను.

ఆయన తీగ చూసి నవ్వాడు. "అవ్, నేనే పెట్టిన. లేకుంటె గాడి రోడ్డు మీదనే ఆగుతుండె. గండ్ల తప్పేంది? షెడ్డుల ఇన్నేండ్ల సంది గిదే పెడ్తున్న. ఏమైంది?"

అంటూ గోడ మీది మెయిన్ బోర్డు చూపించాడు. చూశాను. పెద్ద ఫ్యూజుల్లో అదే రాగి, అదే పేనడం, ఇంకా లావు. చుట్టూ గోడ నల్లబడింది. బోర్డు మీద దూది నుసి మందంగా పేరుకుంది. దాని కిందే మా ఆయన నిలబడి తెగిన పోగు అతుకుతున్నాడు. రోజూ అక్కడే నిలబడతాడు. షెడ్డుకు ఉన్నది ఒకటే తలుపు, అది బోర్డు పక్కనే.

నాకు భయమేసింది. భయం కంటే ఎక్కువ కోపం వచ్చింది. మెయిన్ స్విచ్చు పిడి పట్టుకుని కిందికి లాగేశాను. సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఏయ్! పిచ్చి లేసిందా? మాల్ ఖరాబైతది, ఎయ్యి మెయిన్!" బావ అరుపు వీధిదాకా వినపడింది. నేను కదలకపోయేసరికి తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వెయ్‌రా!"

మా ఆయన నా చేతిలోని తీగ చూశాడు. తల ఎత్తి బోర్డు చూశాడు. తర్వాత వచ్చి నా పక్కన, పిడికి అడ్డంగా నిలబడ్డాడు.

"ముందు గా తీగలు తియ్యి అన్నా," అన్నాడు. "గాడి గూడ అమ్మేది లేదు."