కిరసనాయిలు కలిపాడన్న మాట

బండి ఆగితే డ్రైవరు దొంగ. బోల్టు ఊడినా, చక్రానికి మేకు గుచ్చుకున్నా ముందు వేలు లేచేది డ్రైవరు మీదికే. అరవయ్యో దశకం చివర్లో నామీదికి లేచిన వేలు నాకింకా కనిపిస్తూనే ఉంది. వయసు మీద పడితే కోపం చల్లారుతుందంటారు. ఎవరికి చల్లారిందో నాకు తెలీదు.

అప్పుడు నేను శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు పల్లెల నుంచి ఆమదాలవలసకి చేపల బుట్టల్నీ, వాటిని అమ్ముకునే ఆడవాళ్లనీ తీసుకెళ్లే వ్యాను నడిపేవాణ్ణి. బడి గడప తొక్కినవాణ్ణి కాదు. అక్షరాలు గోడల మీది పోస్టర్లు చూసి నేర్చుకున్నాను, బండి పని ఇంజను విప్పి బిగించి నేర్చుకున్నాను. వ్యాను పాతది, మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న పెట్రోలు బండి. షావుకారు దాన్ని కొనగానే శ్రీకూర్మం గుడికి తీసుకెళ్లి పూజ చేయించాడు. అది తప్పనను, అందరం చేయిస్తాం. స్టీరింగుకీ చక్రాలకీ బొట్లు పెడతాం. ఆయన అక్కడితో ఆగలేదు. "ఇది తిండి తినేది ఈ నోటితోనే కదరా" అంటూ పెట్రోలు ట్యాంకు మూత మీద పసుపూ గంధమూ కలిపిన ముద్ద మందంగా మెత్తి, దానిమీద కుంకుమ అద్దాడు. నేనూ దానికి దండం పెట్టుకున్నాను. దాచడం దేనికి.

మర్నాడు పొద్దున్న వెనకాల బుట్టలూ ఆడవాళ్లూ, ముందు నా పక్కన షావుకారు. శ్రీకాకుళం ఇంకా రెండు మైళ్లుందనగా బండి రెండుసార్లు గుటకలు మింగి ఆగిపోయింది. ముందువైపు ఇంజనుకి హ్యాండిలు వేసి ఎంత తిప్పినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఏట్రా, ఏటైపోనాది?"

"సూస్తన్నాను బాబూ."

"సూసీదేటి? పెట్రోలు అమ్మీసుకుని కిరసనాయిలు కలిపీసినావు, అదీ సంగతి!"

వెనకున్న ఆడవాళ్లంతా విన్నారు. నా చెవులు కాలిపోయాయి. బానెట్ ఎత్తాను. బండికి నిప్పు అందుతోందా, పెట్రోలు అందుతోందా, ముందు అదీ తేల్చుకోవలసింది. ప్లగ్గు వైరు పీకి ఇంజను ఇనుముకి దగ్గరగా పట్టుకున్నాను. హ్యాండిలు తిప్పడానికి మనిషి కావాలి. షావుకారు పంచె సర్దుకుంటూ నిలబడ్డాడు. చేపలవాళ్లలో పెద్దావిడ, అందరూ అప్పా అని పిలిచేది, బుట్ట దింపి వచ్చింది.

"జరుగు తమ్ముడా. ఒలలు లాగిన సేతులివి."

ఒక్క ఊపున తిప్పింది. నీలంగా నిప్పురవ్వ ఎగిరింది. నిప్పుంది. కార్బొరేటరుకి వచ్చే పైపు ఊడదీసి మళ్లీ తిప్పమన్నాను. చుక్క రాలేదు. ట్యాంకు ఖాళీయా అని మూత తీసి పుల్ల ముంచితే సగానికి పైగా తడి. మూత బిగించి, పైపు తగిలించి తిప్పితే బండి మామూలుగా లేచింది! ఎందుకు ఆగిందో తెలీదు, ఎందుకు లేచిందో తెలీదు.

"నాను మొక్కుకున్నాను, అందుకే కదిలినాది" అన్నాడు షావుకారు.

నాగావళి వంతెన దాటి కొంత దూరం పోయామో లేదో మళ్లీ అదే గుటక, అదే ఆగడం. ఈసారి ఆయన రోడ్డు మీదికి దిగి, దారిన పోయేవాళ్లు కూడా ఆగి వినేలా అరిచాడు.

"దొంగెదవా! ఈ జిల్లాలో ఏ బండోడూ నీకు స్టీరింగు ఇవ్వకుండా సేస్తాను, సూడు!"

నాకున్నదల్లా ఆ స్టీరింగే. పైపులో మిగిలిన నాలుగు చుక్కలు అప్ప అరచేతిలో రాల్చాను. చూస్తుండగానే ఆరిపోయాయి, జిడ్డు మిగల్లేదు. ఆవిడ వాసన చూసింది.

"కిరసనాయిలు నాకు తెల్దేటి బాబూ? రోజూ బుడ్డిలో పోసీదాన్ని. ఇది కాదు."

"ఎండకి ఏదైనా ఆరిపోద్ది!" అన్నాడాయన. రుజువు కళ్లముందు పెట్టినా చూడనివాడితో ఏం చెయ్యగలం?

అప్పుడు గుర్తొచ్చింది. ఇందాక మూత తీసినప్పుడు బుస్సుమంది. ఈసారి చెవి దగ్గర పెట్టి మెల్లగా తిప్పాను. బుస్సు లోపలి నుంచి కాదు, బయటి గాలే లోపలికి దూసుకుపోతోంది. నూనె డబ్బాకి ఒకటే చిల్లు పెడితే నూనె దిగదు, గాలికి రెండోది పెట్టాలి. ఈ ట్యాంకుకి ఆ రెండో చిల్లు మూత మీదే ఉంటుంది, సూదిమొన అంత. అది ముద్ద కింద పూడిపోయింది. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు ఎలా కదులుతుంది? ఇందాక మూత తీసినప్పుడు గాలి పోయింది కాబట్టే బండి లేచింది.

గోరు ఆనించానో లేదో షావుకారు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బొట్టు సెరిపీస్తావా? బండికి అరిష్టం!"

"దీని ముక్కు మూసీసినారు బాబూ!"

అప్ప పకపకా నవ్వింది. "ఊపిరాడకుండా పూజ సెయ్యమని ఏ సామి సెప్పినాడు బాబూ?"

ఆయన చెయ్యి విదిలించుకుని ముద్ద గీకేశాను. బుట్టలోంచి సన్నటి వెదురు పుల్ల విరిచి చిల్లు పొడిచాను. బండి లేచింది. ఆమదాలవలస దాకా మళ్లీ ఆగితే ఒట్టు.

బుట్టలు దింపాక ఆయన ముందు నిలబడ్డాను. "అందరి ముందరా దొంగన్నారు. అందరి ముందరా కాదని సెప్పండి."

"బండి నడిసినాది కదరా, ఇంకేటి?"

"సెప్పండి బాబూ, ఆ మాటిన్నాను, ఈ మాటా ఇంటాను" అంటూ అప్ప అక్కడే చతికిలబడింది.

"డ్రైవరు ముందర నాను తగ్గాలేటి? బొట్టు సెరిపినోడు నాకొద్దు. దిగిపో!"

తాళం సీటు మీద పడేసి నడిచి వచ్చేశాను. రెండు నెలలు శ్రీకాకుళంలో ఒక్కడూ పని ఇవ్వలేదు. పని వెతుక్కుంటూ శృంగవరపుకోట దాకా పోతే, అక్కడి లారీ యజమాని మొదట అడిగిందే, "కిరసనాయిలు కలిపినోడివి నివ్వేనా?" అని. జరిగింది మొదటి నుంచి చెప్పాను. ఆయన లేచి తన లారీ దగ్గరికెళ్లి మూత చూశాడు. అక్కడా ముద్దే. గోటితో గీకి, పంచెకి చెయ్యి తుడుచుకుని తాళం నాకిచ్చాడు.

పని దొరికింది. నన్ను దొంగన్నవాడు మాత్రం చచ్చేదాకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.